చచ్చిన మరిడయ్య పెసరట్టు తిన్న నెల

సినిమావాళ్ళ పెళ్ళిళ్ళ గురించి అడుగుతారు. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో అడుగుతారు. పక్కింటివాళ్ళు వాషింగ్ మిషన్ ఎక్కడ కొన్నారో కూడా అడుగుతారు. ఇన్నేళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నాగరత్నం గురించి అడిగారా? ఆమె కొట్టులో కందిపప్పు కొన్నారు, చింతపండు కొన్నారు, పిల్లలకి పిప్పరమెంట్లు కొసరు పెట్టించుకున్నారు. ఆ పొట్లం కట్టిచ్చిన మనిషి ఎవరో, ఆ చేత్తో ఇంకేం చేసేదో తెలుసుకోవాలని మీలో ఎవరికీ తోచలేదు. కళ్ళిచ్చింది ఫోను చూసుకోవడానికే అనుకుంటున్నట్టున్నారు. దాన్ని కాసేపు బోర్లా పెట్టండి. ఆ టీవీ నోరు కూడా కట్టేయండి.

రావులపాలెంలో అరటి గెలల మార్కెట్టుకి పోయే రోడ్డు మీద గున్నేశ్వరరావు కిరాణా కొట్టు. పదిహేడేళ్ళకి నాగరత్నం ఆయన భార్యగా ఆ ఇంట్లో అడుగుపెట్టింది. చదివింది ఏడో తరగతి. కొట్టు వెనక గదిలో కూర్చుని పొట్లాలకి కాగితాలు కోయడం ఆమె పని. అప్పట్లో ప్లాస్టిక్ కవర్లు ఎక్కడివి? రాజమండ్రి నించి పాత వారపత్రికలు కట్టలు కట్టలుగా వచ్చేవి. కత్తెర వేసే ముందు నాగరత్నం ప్రతి కాగితమూ చదివేది.

వాటిలో సీరియల్ నవలలు ఉండేవి. కానీ వరసగా దొరికితే కదా. మూడో భాగం ఈ కట్టలో ఉంటే తొమ్మిదో భాగం ఇంకో నెలకి వచ్చే కట్టలో ఉండేది. మధ్యవి ఏ ఊళ్ళో ఏ బెల్లానికి చుట్టుకుపోయాయో. మూడో భాగంలో పెళ్ళిచూపులకి తల దించుకుని కూర్చున్న పిల్ల తొమ్మిదో భాగానికి కోర్టు బోనులో నిలబడి ఉండేది. ఈ మధ్యలో ఆ పిల్లకి ఏమైందో తెలియకపోతే నాగరత్నానికి అన్నం సహించేది కాదు. అందుకని తనే అల్లుకోవడం మొదలుపెట్టింది. ముందు మనసులో, తరవాత కాగితాల వెనక ఖాళీల్లో, పెన్సిలుతో.

ఒకరోజు అరటి మార్కెట్టులో పనిచేసే గుమస్తా ఒకాయన కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతిలో నూనె మరకల కాగితం.

"ఏమండీ గున్నేశ్వరరావు గారూ, ఈ శనగపప్పు పొట్లం మీద కథ సగంలో ఆగిపోయిందండి. మిగతాది ఏ పొట్లం మీద ఉందండీ?"

గున్నేశ్వరరావు ఆ కాగితం తిప్పి చూశాడు. భార్య చేతిరాత. లోపలికి వెళ్ళాడు. నాగరత్నం కత్తెర కింద పెట్టింది.

"ఇదేంటి?"

"ఊరికే, తోచక..."

"తోచక రాస్తే తెల్ల కాగితం మీద రాయి. పెన్సిలు రాత బెల్లానికి అంటుకుంటుంది," అని ఒక నోటుపుస్తకం ఇచ్చి మళ్ళీ కొట్టులోకి వెళ్ళిపోయాడు. మొగుడు పెళ్ళాన్ని మెచ్చుకోవడం ఆ రోజుల్లో ఇంతకంటే ఎక్కువ ఉండేది కాదు. ఇప్పుడు మాత్రం ఏం వెలగబెడుతున్నారు కనక.

అలా మొదలైంది. ముందు చిన్న కథలు, తరవాత సీరియళ్ళు. వందకి పైగా కథలు అచ్చయ్యాయి, మూడు నవలలు వారం వారం వచ్చాయి. ఒక్కటి కూడా పుస్తకంగా రాలేదు. ఎవరి కట్టల్లోకో చేరి, ఎవరి కొట్టులోనో పొట్లాలైపోయాయి. ఆ సంగతి నాగరత్నానికి అందరికంటే బాగా తెలుసు.

ఇక సత్యప్రసాద్ మాస్టారు. రాజమండ్రిలో హైస్కూలు తెలుగు మాస్టారు. గంజి పెట్టిన లాల్చీ, చేతిలో గొడుగు. ఆయన కథల పోటీకి పంపితే బహుమతి రాక తప్పదు. ఆయన కథలో పడవ కదలాలంటే ముందు రెండు పేజీలు గాలి వీయాలి.

ఒకసారి రాజమండ్రిలో రచయితల సభ జరిగింది. మాస్టారు అధ్యక్షుడు. నాగరత్నం బస్సెక్కి వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. మాస్టారు మైకు ముందు గొంతు సవరించుకున్నాడు.

"నాగరత్నం గారి కథలు కమ్మగా ఉంటాయండి. వారి కొట్టులో పొట్లం లాంటివి. ఇలా విప్పేసరికి అలా అయిపోతాయి."

హాలంతా నవ్వింది. చివర్లో రెండు ముక్కలు మాట్లాడమని నాగరత్నాన్ని పిలిచారు. ఆమె మైకు పట్టుకోలేదు, దాని అవసరం ఆమెకి ఎప్పుడూ లేదు.

"మాస్టారి కథలు అలా కాదండి. చాలా పెద్ద పొట్లం. విప్పితే లోపల ఇంకో పొట్లం ఉంటుంది. అది విప్పితే ఇంకోటి. చివరికి కాగితాలన్నీ మన చేతిలో ఉంటాయి, సరుకు మాత్రం కొట్టులోనే ఉండిపోతుంది."

ఆ నవ్వుకి పైన ఫ్యాను ఊగిందని చెబుతారు.

అప్పటి నించి ముప్ఫై ఏళ్ళు వాళ్ళ మధ్య యుద్ధం. అయితే గారు, అండీ తగ్గకుండా. మాస్టారి కథ ఏదైనా వస్తే నాగరత్నం మొదటిరోజే కొని చదివి పోస్టుకార్డు రాసేది. "మాస్టారికి నమస్కారం. మీ కథలో మేనమామ మొదటి పేజీలో కుంటివాడు, నాలుగో పేజీలో పరిగెత్తాడు. ఏ మందు వాడారో తెలియజేయగలరు." వారం తిరక్కుండా మాస్టారి నించి జవాబు వచ్చేది. "నాగరత్నం గారికి నమస్కారం. మీ నవలలో కార్తీకమాసంలో మామిడిపండ్లు తిన్నారు. మాకూ రెండు పంపగలరు." ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు ఎన్నడూ చదవకుండా వదలలేదు. అచ్చయిన ప్రతి అక్షరానికీ ఒక శత్రువు కాపలా ఉన్నాడన్నమాట. ఎంతమంది రచయితలకి ఆ అదృష్టం ఉంటుంది?

వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇద్దరికీ వయసు మీదపడింది. అప్పుడు రాజమండ్రిలో అచ్చాఫీసు నడిపే విజయ్ పాల్ 'బొంగరాల బండి' అని పిల్లల నెలపత్రిక ఒకటి నడుపుతూ, అందులో బొమ్మల కథ మొదలుపెడదామనుకున్నాడు. బొమ్మల కథ అంటే పేజీకి ఆరు గళ్ళు. రచయిత ప్రతి గడికీ ఏ బొమ్మ గీయాలో, ఆ బొమ్మలో మనిషి నోటి దగ్గర ఏ మాట పెట్టాలో రాసివ్వాలి. మాట పది ముక్కలు దాటకూడదు. నాగరత్నానికి అది నల్లేరు మీద నడకలా ఉంది. మాస్టారికి పది ముక్కల్లో నమస్కారం కూడా పూర్తవదు, అయినా పట్టుదలతో నేర్చుకున్నాడు.

విజయ్ పాల్ ఇద్దర్నీ కలిపి రాయమన్నాడు. గొలుసు కథ. ఒక నెల ఒకళ్ళు, ఇంకో నెల ఇంకొకళ్ళు.

"మీ ఇద్దరికీ పడదని ఊరంతటికీ తెలుసండి. అందుకే అడుగుతున్నాను," అన్నాడు. "ఒకరు వేసిన ముడి ఇంకొకరు విప్పాలి. కోసెయ్యకూడదు. ఒకరి మనిషిని ఇంకొకరు చంపకూడదు. ఫోన్లు చేసుకుని మాట్లాడుకోకూడదు. పుస్తకం వచ్చాక చదివి, అక్కడి నించి అందుకోవాలి."

'లాంచీ సూరయ్య' అని పేరు పెట్టారు. సూరయ్య గోదావరిలో లాంచీ నడుపుతాడు. వాడికి విరోధి మెల్లకన్ను మరిడయ్య. మరిడయ్యని పుట్టించింది నాగరత్నం. వాడంటే ఆమెకి ప్రాణం. సూరయ్యకంటే వాడికే మంచి మాటలు రాసేది. బళ్ళలో పిల్లలు మెల్లకన్ను పెట్టి ఒకళ్ళనొకళ్ళు భయపెట్టుకునేవాళ్ళట.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. నాగరత్నానికి ఒక అలవాటు ఉంది. ఏ భాగానికైనా చివరి పేజీ రెండు రకాలుగా రాసేది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, ఒకటి పంపి, రెండోది పొయ్యిలో పడేసేది. ఆ ఏడు జూలై సంచిక ఆమె వంతు. ఒక పేజీలో మరిడయ్య పాపికొండల దగ్గర సుడిగుండంలో పడి చచ్చిపోతాడు. రెండో పేజీలో దుంగ పట్టుకుని తప్పించుకుంటాడు. అంత మంచి దుర్మార్గుణ్ణి చంపుకోవడం ఎందుకని ఆమె తప్పించుకునేదే ఖాయం చేసుకుంది.

అదే వారంలో గున్నేశ్వరరావుకి రాజమండ్రిలో కడుపు ఆపరేషను. అచ్చాఫీసు మనిషి కాగితాల కోసం ఆసుపత్రికే వచ్చాడు. లోపల నించి నర్సు పిలుస్తోంది. నాగరత్నం సంచిలో చెయ్యి పెట్టి, చేతికొచ్చిన చివరి పేజీ మిగతా వాటికి కలిపి ఇచ్చేసింది. సంచిలో మిగిలిన కాగితాన్ని ఇంటికొచ్చాక మడత విప్పకుండానే పొయ్యిలో వేసింది. జూలై పుస్తకం వచ్చిన రోజున మొగుడికి జావ కాస్తోంది. జీవితంలో మొదటిసారి, తను రాసింది అచ్చయితే చదవకుండా ట్రంకు పెట్టెలో పెట్టింది.

ఆగస్టు మాస్టారిది. ఆయన లాంచీ ఇంజను దొంగలు ఎత్తుకుపోయినట్టు రాశాడు. మరిడయ్య ఊసే లేదు. చచ్చినవాడి ఊసు ఎందుకుంటుంది? నాగరత్నం మాత్రం "కుళ్ళు! నా మరిడయ్యని ముట్టుకోవడానికి కూడా మనసొప్పలేదు," అనుకుంది. సెప్టెంబరు తన వంతు రాగానే మూడో పేజీలో మరిడయ్యని కొవ్వూరు హోటల్లో దర్జాగా కూర్చోబెట్టింది. ముందు ఉప్మా పెసరట్టు పెట్టింది. అల్లం పచ్చడి ఇంకాస్త వెయ్యమని వాడిచేత గద్దింపించింది.

విజయ్ పాల్ బళ్ళ చుట్టూ చందాలకి తిరుగుతున్నాడు, చదవలేదు. బొమ్మలు వేసే రాజ్ కుమార్ చదివాడు. చదివి, చక్కగా పెసరట్టు మీద పొగతో సహా గీసిచ్చాడు. తరవాత అడిగితే ఏమన్నాడో తెలుసా?

"ఆయ్, రాసింది గీయడమే కదండి మన పని. చచ్చినోడు పెసరట్టు తింటున్నాడంటే అందులో ఏదో పెద్ద మలుపు ఉందనుకున్నానండి."

అక్టోబరు మాస్టారి వంతు. ఆయన భాగంలో హోటల్లో కూర్చున్నవాడు సూరయ్యతో అంటాడు, "నేను మరిడయ్యని కాదు. వాడి కవల తమ్ముణ్ణి, వీరయ్యని. మా అన్న సుడిలో పోయాడు."

నాగరత్నం అది చదివి మండిపోయింది. నియమం తప్పి, ఒక్క మాటతో తన మరిడయ్యని చంపేశాడు! పైగా కవలలా? మాస్టారు సభ దొరికితే చాలు ఒక మాట అనేవాడు. "కవలల కథ రాసిన రచయిత ఆ రోజుతో కలం మూసి జేబులో పెట్టుకోవాలండి." అలాంటి మాస్టారు! వెంటనే కార్డు తీసి రాసింది. "మాస్టారికి నమస్కారం. మీ కథలో కవలలు పుట్టారని తెలిసి సంతోషించాను. తల్లీ బిడ్డలు క్షేమమని తలుస్తాను. ఇట్లు, నాగరత్నం." ఆ చేత్తోనే విజయ్ పాల్‌కి ఫోను చేసింది.

"మాస్టారు నా మనిషిని చంపేశారండి. కోసెయ్యకూడదన్నది మీరే కదా!"

నవ్వకండి. ఆమెకి తెలియదు.

రాజమండ్రి రచయితలకి పండగైంది. వాళ్ళ వాట్సాప్ గుంపులో రోజంతా మాస్టారి కవలలే. పిల్లల పుస్తకం ఎవరూ కొని చదవలేదు, కవలలట అని విన్నారు, చాలు. ఒకాయన రెండు కలాల బొమ్మ పెట్టి "ఏది అన్న, ఏది తమ్ముడు?" అని రాశాడు. మాస్టారు ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాగరత్నం కార్డుకి వారం గడిచినా జవాబు రాలేదు. రెండో వారమూ రాలేదు. ముప్ఫై ఏళ్ళలో అలా జరగలేదు. నవంబరు తన వంతులో నాగరత్నం కవలల జోలికి పోకుండా సూరయ్యతోనే నెట్టుకొచ్చింది.

"ఓడిపోయారులే, ఏం రాస్తారు," అంది మొగుడితో.

గున్నేశ్వరరావు "ఊఁ" అన్నాడు.

నవంబరు మొదటి వారంలో విజయ్ పాల్ కాజాల పెట్టె పట్టుకుని కొట్టుకొచ్చాడు.

"అమ్మగారూ, కాగితం రేటు పెరిగిపోయిందండి. పేజీలు తగ్గిస్తున్నాను. జనవరి నించి సూరయ్యని ఇద్దరితో రాయించలేను. మాస్టారి మీద అందరూ నవ్వుతున్నారు, మీరూ బాధపడ్డారు. అందుకని ఇక అంతా మీదే. ఏడాదయ్యాక మొత్తం కలిపి పుస్తకం వేస్తాను. అట్ట మీద మీ పేరు ఒక్కటే."

నాగరత్నానికి అప్పుడు అరవై ఏడేళ్ళు. తన పేరుతో పుస్తకం ఒక్కటీ లేదు. విజయ్ పాల్ వెళ్ళాక ఒక కాజా నోట్లో వేసుకుని, నమలడం మర్చిపోయి, అలా కూర్చుండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, బేరాలు లేని వేళ, ట్రంకు పెట్టెలోంచి అన్ని సంచికలూ తీసింది. ఇక ముందుకి తనొక్కతే రాయాలి కనక మొదటినించీ ఒకసారి చదువుకుందామని. జనవరి, ఫిబ్రవరి, అలా వరసగా జూలై దాకా వచ్చింది. చివరి పేజీ తిప్పింది. సుడిగుండం. అందులో చెయ్యి ఒకటి పైకి లేచి ఉంది. తరవాతి గడిలో చెయ్యి లేదు. చివరి గడిలో నీళ్ళ మీద తేలుతూ తలపాగా.

తన మాటలే. తన పేజీయే. సెప్టెంబరు సంచిక తీసింది. పెసరట్టు. అక్టోబరు తీసింది. ఈసారి రాజ్ కుమార్ గీసిన కళ్ళు చూసింది. జూలైలో మెల్ల కుడికన్నుకి ఉంది, సెప్టెంబరులో ఎడమకన్నుకి వేసేశాడు. ఆ ఎడమకన్ను పట్టుకుని మాస్టారు ఒక తమ్ముణ్ణి పుట్టించాడు.

నాగరత్నం ఒళ్ళో పుస్తకాలు పెట్టుకుని చాలాసేపు లేవలేదు. కందిపప్పు కావాలని ఎవరో పిలిచారు. "కొట్టు కట్టేశాం," అంది, తలుపులన్నీ బార్లా తెరిచి ఉండగా.

మర్నాడు పొద్దున్నే రాజమండ్రి బస్సెక్కి ఆర్యాపురంలో మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. చూసి లేచి నిలబడ్డాడు.

"రండి, రండి నాగరత్నం గారు. తల్లీ బిడ్డలు క్షేమమేనండి."

ఆమె నవ్వలేదు. జూలై సంచిక బల్ల మీద పెట్టింది. "ఇది చదివారా?"

"మొదటిరోజే చదివానండి. నాలుగో పేజీలో 'అమ్మో' అన్నమాట రెండుసార్లు పడింది. ఒకటి తీసెయ్యాల్సింది."

"మాట మార్చకండి. మరిడయ్య ఇందులో చచ్చాడు."

"చచ్చాడండి. బ్రహ్మాండంగా చచ్చాడు. ఆ తలపాగా ఒక్కటే తేలడం ఉంది చూశారూ, నేనైతే దానికి ముందు రెండు పేజీలు వర్ణన రాసి పాడుచేసేవాణ్ణి."

"సెప్టెంబరులో వాణ్ణి హోటల్లో కూర్చోబెట్టేశాను."

"కూర్చోబెట్టారు."

"ఎందుకు చెప్పలేదండీ? ఒక్క ఫోను చేస్తే నేనే సరిచేసుకునేదాన్ని కదా!"

"అప్పటికే అచ్చయిపోయిందండి. పైగా ఫోను చేసుకోకూడదని విజయ్ పాల్ పెట్టిన నియమం."

"ఆ నియమం మీద మన్ను పొయ్య! పోనీ అక్టోబరులో 'ఇది రచయిత్రి పొరపాటు' అని ఒక్క ముక్క వేయించొచ్చుగా?"

మాస్టారు కళ్ళజోడు తీసి లాల్చీ కొసతో తుడిచాడు.

"చూడండి. సభలో మిమ్మల్ని అంటాను. ముప్ఫై ఏళ్ళుగా అంటున్నాను, ఇక ముందూ అంటాను. కార్డు మీద అంటాను. కథలోకి దిగాక అనను. నా వంతు వచ్చేసరికి వాడు పెసరట్టు తింటున్నాడు. మీరు విస్తరేసి కూర్చోబెట్టినవాణ్ణి, నువ్వు చచ్చిపోయావురా, లేచి పో అనడం నాకు చేతకాదండి."

"అందుకని కవలలా? మీరా?"

"మూడు రోజులు వేరే దారి వెతికానండి. దొరకలేదు. ఆ ఎడమకన్ను కనబడకపోతే ఏమయ్యేదో. రాస్తుంటే ఎంత సిగ్గేసిందో మీకు చెప్పలేను."

"నేను మీ మీద ఫిర్యాదు చేశాను."

"తెలుసండి."

"ఇప్పుడే వెళ్ళి విజయ్ పాల్‌తో చెబుతాను."

"వద్దండి," అన్నాడు మాస్టారు. మొదటిసారి గొంతు కాస్త పెరిగింది. "ఇప్పుడు చెబితే నేను పడ్డ సిగ్గంతా దండగైపోతుంది. జనవరి నించి మీరే రాయండి. పుస్తకం వేస్తానన్నాడటగా. నాకేమండీ, పింఛను వస్తోంది, మనవలతో కాలక్షేపం అవుతుంది."

అని కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళాడు. బల్ల మీద పేపరు కింద తెల్ల కాగితాలు కనబడ్డాయి. నాగరత్నం పేపరు కొంచెం జరిపింది. పెన్సిలుతో, స్కేలు పెట్టి, పేజీకి ఆరు చొప్పున గళ్ళు గీసి ఉన్నాయి. పైన "ఫిబ్రవరి" అని రాసి ఉంది, ఆయన వంతు రావలసిన నెల. తీసేశారని తెలిశాక కూడా కొట్టెయ్యలేదు. ఆమె పేపరు మళ్ళీ యథాప్రకారం జరిపేసింది. కాఫీ తాగి, చక్కెర ఎక్కువైందని చెప్పి, వచ్చేసింది.

బస్సులో జొన్నాడ వంతెన దాటేవరకూ కిటికీలోంచి గోదావరి చూసింది. తరవాత కండక్టరుతో చిల్లర గురించి గొడవపడింది. ఇంటికొచ్చి మొగుడికి అంతా చెప్పింది.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు గున్నేశ్వరరావు.

"ఏం చెయ్యను? నోరు మూసుకుంటే అట్ట మీద నా పేరు ఒక్కటే పడుతుంది. మాస్టారు చచ్చినా చెప్పరు. ఇంకెవరికీ తెలియదు."

"మూసుకో మరి."

"యాభై ఏళ్ళుగా చూస్తున్నారు, ఎప్పుడైనా మూసుకున్నానా?"

"లేదనుకో."

ఆయన కొట్టులోకి వెళ్ళిపోయాడు. నాగరత్నం ఆ రోజూ మర్నాడూ కాగితం ముట్టుకోలేదు. పప్పు బాగుచేసింది, బాగుచేసిన పప్పే మళ్ళీ బాగుచేసింది. అట్ట మీద తన పేరు ఎలా ఉంటుందో, ఎరుపు రంగులోనా, నీలం రంగులోనా అని ఆలోచించింది. నీలం బాగుంటుందనుకుంది. మూడో రోజున కూర్చుని ఉత్తరం రాసి, పోస్టులో వేస్తే మనసు మారుతుందేమోనని తనే పట్టుకుని అచ్చాఫీసుకి వెళ్ళింది.

విజయ్ పాల్ చదివి తల పట్టుకున్నాడు.

"అమ్మగారూ, పిల్లలు ఎవరూ అడగలేదండి. వదిలెయ్యండి. కవలలంటే వాళ్ళకి సరదాగానే ఉంది."

"పిల్లలు అడగలేదు. పెద్దవాళ్ళే నవ్వుతున్నారు. వాళ్ళకోసమే వెయ్యమంటున్నాను."

"ఇది వేస్తే, చదవకుండా అచ్చేశానని నా పరువు పోతుంది కదండీ?"

"చదవకుండానే అచ్చేశారు కదా. పోనివ్వండి."

"జనవరిది మరి..."

"అది మీ ఇష్టం. ఉత్తరం పడకపోతే మాత్రం నేను రాయను."

డిసెంబరు సంచికలో పాఠకుల ఉత్తరాల పేజీలో అది పడింది. పొడుగేమీ కాదు. "జూలైలో మరిడయ్యని చంపినది నేనే. సెప్టెంబరులో మర్చిపోయి బతికించినది నేనే. మాస్టారు నా తప్పుని తన నెత్తిన వేసుకుని, తనకి ఇష్టం లేని కవలల్ని కన్నారు. నవ్వినవారు ఈ పక్కకి తిరిగి నవ్వవలెను. నాగరత్నం, రావులపాలెం."

వాట్సాప్ గుంపు ఒక పూట చప్పుడు లేకుండా ఉందట. విజయ్ పాల్ వ్యాపారం తెలిసినవాడు. తప్పు ఒప్పుకున్నావిడకి కథ ఇస్తే నలుగురూ ఏమంటారోనని జనవరి నించి మాస్టార్నే రాయమన్నాడు. ఆ సాయంత్రం కొట్టులో ఫోను మోగింది. మాస్టారు ఆమెకి ఫోను చేయడం అదే మొదలు.

"ఎంత పని చేశారండీ! వద్దని చెప్పానా? నేను రాయనని విజయ్ పాల్‌తో చెప్పేశాను."

"రాయకపోతే నా ఉత్తరం దండగైపోతుందండి. నేను పడ్డ సిగ్గు ఎవరికి ఇస్తారు?"

"అది కాదండీ..."

"ఫిబ్రవరికి గళ్ళు గీసి పెట్టుకున్నారు. పేపరు కింద చూశాను. జనవరి అని దిద్ది నింపండి."

అవతల పేపరు మడిచిన చప్పుడు వినిపించింది.

"ఉత్తరం బాగా రాశారు," అన్నాడు చివరికి. "'వలెను' ఒక్కటి బాగాలేదు."

"మీలాగా ఉండాలని పెట్టానండి," అని ఫోను పెట్టేసింది.

డిసెంబరు చివర్లో బస్సు కండక్టరు చేతికి ఇచ్చి మాస్టారు ఒక కవరు పంపించాడు. ఎనిమిది పేజీల బొమ్మల కథ. అన్ని గళ్ళూ నిండి ఉన్నాయి, చివరి పేజీ ఆరో గడి తప్ప. దానికి ఒక చీటీ కుట్టి ఉంది. "నాకు చివరి గడి రావడం లేదండి. మీకు తోస్తే రాయండి. తోచకపోతే ఖాళీగానే అచ్చువేయిస్తాను."

"రాకపోవడమేంటి, ముప్ఫై బహుమతులు తీసుకున్న మనిషికి," అని గొణుక్కుంటూనే నాగరత్నం పెన్సిలు చెక్కుకుంది. ఒక్క గడి. పది ముక్కలు. అందులో సూరయ్య లాంచీకి చిల్లు పెట్టి, పిల్లలు నెలంతా గోళ్ళు కొరుక్కునేలా చేసి, తరవాతి బస్సుకి తిప్పి పంపింది. పనిలో పనిగా మిగతా పేజీల్లో ఎనిమిది తప్పులకి ఎర్ర సిరా చుట్టింది.

అలా రెండేళ్ళ మూడు నెలలు. నెలకి ఒక గడి, మొత్తం ఇరవై ఏడు. పేరు మాస్టారిదే పడేది. ఆయన రెండుసార్లు ఇద్దరి పేర్లూ వేయిద్దామంటే నాగరత్నం ఒప్పుకోలేదు. "గడికో పేరు పెడితే పేజీ పట్టదండి," అంది. సభల్లో మాత్రం ఆయన ఆమె పొట్లాల గురించీ, ఆమె ఆయన గాలి వర్ణనల గురించీ అనుకుంటూనే ఉన్నారు. కరోనా వచ్చి బళ్ళు మూసేశాక 'బొంగరాల బండి' ఆగిపోయింది. సూరయ్య లాంచీ పట్టిసీమ దగ్గర నడిగోదావరిలో ఆగి ఉంది, ఇప్పటికీ. విజయ్ పాల్ వేస్తానన్న పుస్తకం రాలేదు.

తరవాత గున్నేశ్వరరావు పోయాడు. కొట్టు కొడుకు చేతికి వచ్చింది, అద్దాల తలుపులు పెట్టించాడు, పొట్లాలు కట్టే పని పోయింది. నాగరత్నం మోకాళ్ళ నొప్పులతో వెనక గదిలో మంచం మీద ఉండేది. అయినా నోరు తగ్గలేదు. టీవీ సీరియల్ చూస్తూ, "నిన్న గాజులు ఆకుపచ్చవి, ఇవాళ ఎర్రవి, చూసుకోరూ," అని కోడలితో అంటుండేది. పత్రిక ఆగిన మూడో ఏడు శ్రావణమాసంలో రెండు రోజులు జ్వరం వచ్చింది. మూడో రోజు పొద్దున పోయింది. అప్పటికి ఆమెకి డెబ్బై మూడేళ్ళు.